‘ఇప్పుడే చెప్పలేం’ అన్న రిపోర్టుతో మూడు నెలలు

ప్రశ్న: నా వయసు 54 సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రెండున్నరేళ్ళ క్రితం కుడి రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు రోజూ లెట్రోజోల్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వేసుకుంటున్నాను. జూన్‌లో మూడు వారాలపాటు దగ్గు తగ్గకపోతే మా డాక్టరుగారు పెట్ సీటీ స్కాన్ చేయించారు. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో 5 మిల్లీమీటర్ల నాడ్యూల్ (చిన్న చుక్కలాంటి గడ్డ), రెండు ఊపిరితిత్తుల మధ్యన 11 మిల్లీమీటర్ల లింఫు గ్రంథి కనిపించాయని, ఆ గ్రంథి ఎస్‌యూవీ 3.2 అని రాశారు. ‘స్వభావం ఇప్పుడే నిర్ధారించలేం, పోల్చడానికి పాత స్కాన్ అందుబాటులో లేదు, రోగి పరిస్థితితో కలిపి చూడాలి, 3 నెలల తర్వాత మళ్ళీ స్కాన్ చేయాలి’ అన్నది చివరి మాట. ఇప్పుడు దగ్గు తగ్గిపోయింది. డాక్టరుగారు ‘కంగారు పడకండి, అక్టోబరులో చూద్దాం’ అన్నారు. కానీ నన్ను బయట కూర్చోమని మావారితో పది నిమిషాలు మాట్లాడారు. మావారేమో ‘ఏమీ లేదన్నారు’ అంటున్నారు. రాత్రిళ్ళు ఫోన్‌లో రిపోర్టు తెరిచి ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటున్నాను. మా వదిన వెంటనే ఇంకో ఆసుపత్రికి వెళ్ళి పరీక్షకు ముక్క తీయించుకోమని (బయాప్సీ), చక్కెర ముట్టుకోవద్దని చెబుతోంది. నా చిన్నతనంలో మా నాన్నగారు క్షయతో ఎర్రగడ్డ ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నప్పుడు ఇంట్లో ఎలాంటి భయం ఉండేదో, ఇప్పుడు మళ్ళీ అలాగే ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి మార్గశిరంలో పెళ్ళి ముహూర్తం పెట్టాం. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు. పెళ్ళి ముందుకు జరపాలా? నా దగ్గర ఏదైనా దాస్తున్నారా? ఈ మూడు నెలలు ఎలా గడపాలి? — ఒక సోదరి, విద్యానగర్, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు విషయాల దగ్గర నా చూపు ఆగింది. మీ మిగతా ప్రశ్నల కంటే ముందు వాటి గురించే చెబుతాను, ఎందుకంటే ఈ మూడు నెలల్లో మీ చేతుల్లో ఉన్న పని అక్కడే ఉంది.

మొదటిది, ‘పోల్చడానికి పాత స్కాన్ అందుబాటులో లేదు’ అన్న మాట. రెండున్నరేళ్ళ క్రితం చికిత్స మొదలుపెట్టేటప్పుడు మీకు ఛాతీ సీటీ గానీ పెట్ సీటీ గానీ తీసే ఉంటారు. తీయకపోయినా, రేడియేషన్‌కు ముందు ఏ కోణంలో ఎంత ఇవ్వాలో లెక్కకట్టడానికి ఛాతీకి ఒక సీటీ తప్పకుండా తీస్తారు. ఆ సీడీ మీ బీరువాలో ఆసుపత్రి ఫైలు అడుగున ఉండి ఉంటుంది. లేకపోతే ఆ స్కాన్ తీసిన చోటికి మీ పాత నంబరు పట్టుకుని వెళ్ళి బొమ్మలతో సహా కాపీ అడగండి. కాగితం మీద ఉన్న రిపోర్టు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఆనాడు చూసిన డాక్టరు ఐదు మిల్లీమీటర్ల చుక్కను చెప్పుకోదగినదిగా భావించక రాయకుండా వదిలేసి ఉండవచ్చు. బొమ్మలో మాత్రం అది ఉంటే ఉన్నట్టే కనబడుతుంది. ఆ సీడీని ఇప్పటి స్కాన్ సెంటరులో ఇచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి రిపోర్టుకు అనుబంధం రాసివ్వమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, ఇది వాళ్ళు రోజూ చేసే పనే. ఆ చుక్క రెండున్నరేళ్ళ క్రితం కూడా అదే చోట అదే పరిమాణంలో ఉందని తేలితే, మీరు ఎదురుచూడవలసిన కాలం చాలావరకు ఇప్పటికే గడిచిపోయినట్టు లెక్క. అప్పుడు లేదని తేలినా అది మీ డాక్టరుకు ఉపయోగపడే సమాచారమే. అంటే ఈ వారంలో మీ ఇంట్లో వెతకవలసినది గూగుల్‌లో మాటలకు అర్థాలు కాదు, ఆ పాత సీడీ.

రెండవది, మీ నాన్నగారి క్షయ. మీరు దాన్ని ఆనాటి భయాన్ని గుర్తు చేసుకోవడానికి రాశారు. నాకు అది మీ రిపోర్టుకు నేరుగా సంబంధించిన విషయంగా కనిపించింది. ప్రపంచంలో ఏటా క్షయ బారిన పడేవారిలో దాదాపు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. క్షయ ఉన్న మనిషితో ఒకే ఇంట్లో నెలల తరబడి గడిపిన పిల్లల ఊపిరితిత్తుల్లోకి ఆ క్రిములు చేరడం చాలా మామూలు విషయం. శరీరం వాటి చుట్టూ గోడ కట్టేస్తుంది; జబ్బు ఎన్నడూ బయటపడకపోయినా, ఊపిరితిత్తిలో ఒక చిన్న గట్టి చుక్క, మధ్యనున్న గ్రంథుల్లో కొంచెం వాపు, ఇలాంటి గుర్తులు దశాబ్దాల పాటు మిగిలిపోవచ్చు. రిపోర్టులో ‘రోగి పరిస్థితితో కలిపి చూడాలి’ అని రాసింది దీనికోసమే. ఆ రిపోర్టు రాసిన రేడియాలజిస్టు మిమ్మల్ని చూడలేదు, మీ దగ్గు వినలేదు, మీ ఇంటి చరిత్ర ఆయనకు తెలియదు. బొమ్మ చెప్పగలిగినంత ఆయన చెప్పి, మిగతాది మీ డాక్టరు చేతికి ఇచ్చారు. మీ డాక్టరుకేమో మీ నాన్నగారి విషయం మీరు చెప్పి ఉండరని నా అనుమానం. చెప్పండి. జూన్‌లో వచ్చిన దగ్గు ఎన్నాళ్ళుంది, కళ్ళె పడిందా, జ్వరం వచ్చిందా, యాంటీబయాటిక్స్ వాడారా అన్నది కూడా తేదీలతో చెప్పండి, ఎందుకంటే మామూలు ఛాతీ ఇన్‌ఫెక్షన్ తర్వాత కూడా ఆ గ్రంథులు కొన్ని వారాలపాటు ఉబ్బే ఉంటాయి. ఒంట్లో ఎక్కడైనా పుండు పడితే గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టడం మనందరం చూసిందే. ఛాతీ లోపల జరిగేది కూడా అదే, కాకపోతే అక్కడ చేత్తో తడిమి చూసుకోలేం. అయితే ఒక జాగ్రత్త: ఇది క్షయే అయి ఉంటుందని ఊహించి, పరీక్ష ఆధారం లేకుండా క్షయ మందులు మొదలుపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, మీ క్యాన్సర్ డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. ఆ మందులు కాలేయం మీద భారం వేస్తాయి, మీరు వాడుతున్న ఇతర మందులతో కలబడతాయి, పైగా తర్వాత వచ్చే స్కాన్‌ను అర్థం చేసుకోవడం ఇంకా కష్టమవుతుంది.

ఇక ఆ ఎస్‌యూవీ 3.2 అన్న అంకె. మీ నిద్రను అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టింది ఇదేనని మీరు చెప్పకపోయినా తెలుస్తోంది. పెట్ స్కాన్ క్యాన్సర్‌ను చూపించే యంత్రం కాదు. చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటున్న చోట్లను చూపించే యంత్రం; ఎంత పీల్చుకుందో చెప్పే కొలతే ఎస్‌యూవీ. మీకు ఇంజెక్షన్‌గా ఇచ్చింది ఒక రకమైన గ్లూకోజే, దానికి అతికించిన రేడియోధార్మిక ఫ్లోరిన్ దాదాపు 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది. మిమ్మల్ని ఆ గదిలో గంటసేపు మాట్లాడకుండా పడుకోబెట్టింది ఆ గ్లూకోజ్ ఒళ్ళంతా సర్దుకోవడానికి. క్యాన్సర్ కణాలు దాన్ని ఆబగా తీసుకుంటాయి, నిజమే. కానీ మెదడూ తీసుకుంటుంది, గుండే తీసుకుంటుంది, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడుతున్న తెల్ల రక్తకణాలూ తీసుకుంటాయి, మానుతున్న గాయమూ తీసుకుంటుంది. క్షయ గ్రంథులైతే కొన్నిసార్లు క్యాన్సర్ కంటే ప్రకాశవంతంగా వెలుగుతాయి. అందువల్ల ఫలానా అంకె దాటితే క్యాన్సర్, దాటకపోతే కాదు అని గీత గీయడం సాధ్యం కాదు. మన దేశంలో అది మరీ సాధ్యం కాదు. ఇంటర్నెట్‌లో మీకు 2.5 అన్న అంకె కనబడి ఉంటుంది. అది ఒకప్పుడు అలవాటుగా వాడిన గుర్తు మాత్రమే, దానితో మీ జబ్బును తేల్చలేరు. అదే విధంగా, ఆ 5 మిల్లీమీటర్ల చుక్క వెలిగిందని రిపోర్టులో రాయలేదన్న సంగతి కూడా పూర్తి ధైర్యం ఇవ్వదు, ఎందుకంటే దాదాపు 8 మిల్లీమీటర్లకు లోపు ఉన్నవి నిజంగా చెడ్డవే అయినా పెట్‌లో వెలగకపోవచ్చు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఊరటనిచ్చే సగాన్ని చెప్పి మిగతా సగాన్ని మింగేస్తే, రేపు మీరు నా మాటను కూడా అనుమానించవలసి వస్తుంది.

ఇదే చోట మీ వదినగారి చక్కెర సలహాకు జవాబు కూడా ఉంది. క్యాన్సర్ చక్కెరను తింటుంది కాబట్టి చక్కెర మానేస్తే అది ఎండిపోతుందన్న ఊహ పెట్ స్కాన్‌ను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టినది. మీరు ఒక్క పలుకు బెల్లం కూడా ముట్టకపోయినా, అన్నం నుంచి, పప్పు నుంచి, చివరకు మీ కండలను కరిగించి అయినా శరీరం గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. మధుమేహం ఉంటే దాని పథ్యం వేరు. లేకపోతే, ఉదయం కాఫీలో ఒక చెంచా చక్కెర వేసుకోవడం గురించి తప్పు చేసినట్టు కుమిలిపోకండి. మీ వదినగారు ప్రేమతోనే చెప్పారు. ఆ ప్రేమను తీసుకుని సలహాను పక్కన పెట్టవచ్చు.

మూడు నెలలు ఆగమనడం నిర్లక్ష్యమా అన్నది మీ ఉత్తరం నిండా పరుచుకుని ఉన్న ప్రశ్న. కాదు. ఇక్కడ ఆగడమే పరీక్ష. ఐదు మిల్లీమీటర్లు అంటే ఒక కందిపప్పు బద్దంత. అంత చిన్నదాన్ని బయటి నుంచి సూదితో గుచ్చి ముక్క తీయడం చాలా కష్టం. ఊపిరి తీసినప్పుడల్లా అది కదులుతుంది, సూది గురి తప్పవచ్చు, ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికి కారవచ్చు, ఇంతా చేసి వచ్చిన ముక్కలో ఏమీ తేలకపోవచ్చు. అప్పుడు మీ చేతిలో రెండో ‘చెప్పలేం’ ఉంటుంది. దానికంటే కాలం మంచి పరీక్షకురాలు. క్యాన్సర్ అయితే పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ అయితే తగ్గుతుంది, పాత మచ్చ అయితే ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండు వారాలకే మళ్ళీ స్కాన్ తీస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఒకే చుక్కను ఇద్దరు కొలిస్తే, కొన్నిసార్లు ఒకే మనిషి రెండుసార్లు కొలిచినా, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు తేడా వస్తుంది. ఆ తేడాను దాటి నిజమైన పెరుగుదల కనబడడానికి తగినంత వ్యవధి కావాలి. ఈ కారణం వల్లనే అక్టోబరు స్కాన్‌ను కూడా అదే సెంటరులో, వీలైతే అదే యంత్రం మీద తీయించుకోమని చెబుతున్నాను. అప్పుడు రిపోర్టులో 5 బదులు 6 అని ఉంటే ఆ ఒక్క అంకెను చూసి కూలిపోవద్దు, అలాగే 4 అని ఉంటే పండగ చేసుకోవద్దు; రెండు బొమ్మలనూ కలిపి చూసిన డాక్టరు ఏమంటారో వినండి.

మీ బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరో ఒకరు, 6 మిల్లీమీటర్ల లోపు నాడ్యూళ్ళకు మళ్ళీ స్కానే అక్కర్లేదని ఏదో మార్గదర్శకాల్లో చదివామని కూడా చెప్పవచ్చు. 2017లో ఫ్లైష్‌నర్ సొసైటీ అనే ఛాతీ స్కాన్ నిపుణుల సంఘం సవరించిన ఆ సూచనలు ఉన్న మాట వాస్తవమే. కానీ అవి ఇదివరకు క్యాన్సర్ వచ్చినవారికి వర్తించవని వాటిలోనే ఉంది. కనుక అక్టోబరు స్కాన్ మానేయడానికి వీల్లేదు. పెళ్ళి పనుల్లో పడి నెలా రెండు నెలలు వాయిదా వేయడం ఇటువంటి ఇళ్ళలో నేను ఎన్నోసార్లు చూశాను. తేదీ ఇప్పుడే తీసుకుని క్యాలెండరు మీద రాసి పెట్టండి.

11 మిల్లీమీటర్ల గ్రంథి సంగతి కొంచెం వేరు. దాన్ని గొంతు గుండా చిన్న గొట్టం పంపి, అల్ట్రాసౌండ్ సాయంతో సూదిపెట్టి పరీక్షించడం సాధ్యమే. కాబట్టి ‘ఇప్పుడే ఎందుకు చేయడం లేదు, ఏమైతే చేస్తారు?’ అని మీ డాక్టరును అడగండి. ఈ ప్రశ్నలోని రెండో సగం ముఖ్యం. ఏది కనిపిస్తే ఏం చేస్తారో ముందే తెలిసి ఉంటే, నిరీక్షణకు ఒక హద్దు ఏర్పడుతుంది. ఛాతీ గ్రంథుల్లో అడ్డంగా కొలిచినప్పుడు 10 మిల్లీమీటర్ల వరకూ మామూలుగానే లెక్కిస్తారు. మీది ఆ గీతకు కాస్త పైన ఉంది. ఎడమ ఊపిరితిత్తిలోని చుక్కను మాత్రం మీ రేడియేషన్ మీదకు నెట్టలేం, ఎందుకంటే రేడియేషన్ ఇచ్చింది కుడివైపున. మీ డాక్టరు ‘ఏమీ లేదు’ అనకుండా ‘చూద్దాం’ అన్నారంటే ఇవన్నీ ఆయన లెక్కలో ఉన్నాయని నాకు అనిపిస్తోంది.

రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు, మీ డాక్టరుకు ద్రోహమూ కాదు. మన నగరంలో రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి వంటి చోట్ల సర్జను, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, రేడియాలజిస్టు కలిసి ఒక కేసును చర్చించే పద్ధతి ఉంది. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. పాత, కొత్త సీడీలు రెండూ, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ వివరాలు పట్టుకుని వెళ్ళి ఒక్కచోట అడగండి. ఒక్కచోటే. నాలుగు చోట్ల అడిగితే నాలుగు మాటల తేడా వస్తుంది, ఆ తేడాలను కలుపుకోవడానికి మీకు ఇంకో నాలుగు రాత్రుల నిద్ర పోతుంది. వెళ్ళినచోట ‘బయాప్సీ చేయండి’ అని అడగకండి, ‘మీరైతే ఏం చేస్తారు, ఎందుకు?’ అని అడగండి.

నెలనెలా స్కాన్లు చేస్తే ముందే పట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ విషయంలో దీన్ని ఎంతో శ్రద్ధగా పరీక్షించారు. 1994లో ఇటలీ నుంచి వెలువడిన రెండు అధ్యయనాల్లో, ఒక్కోదానిలో 1,200 మందికి పైగా స్త్రీలను తీసుకుని, తరచుగా ఎక్స్‌రేలూ ఎముకల స్కాన్లూ చేసినవారినీ, మామూలు పరీక్షలు, మామోగ్రామ్ మాత్రమే చేసినవారినీ పోల్చి చూశారు. తరచుగా స్కాన్లు చేసినంత మాత్రాన వాళ్ళ ఆయుష్షు పెరగలేదు. బాధ లేనివారికి ఊరికే పెట్ స్కాన్లు, క్యాన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ రక్తపరీక్షలు చేయవద్దని ఇప్పటికీ చెబుతున్నది ఇటువంటి ఆధారాల వల్లనే. అంటే ఈ మూడు నెలల ఆగడం వల్ల ఏదో చేజారిపోతోందన్న భయానికి ఆధారం లేదు. నేను ఇంత వివరంగా రాస్తున్నది, అర్ధరాత్రి రెండు గంటలకు ‘తొందరపడి ఉంటే బతికేదాన్నేమో’ అన్న ఆలోచన మీ దగ్గరకు వచ్చినప్పుడు, దానికి ఎదురు చెప్పడానికి మీ చేతిలో ఏదైనా ఉండాలని.

కొన్ని లక్షణాలు కనబడితే మాత్రం అక్టోబరు దాకా ఆగవద్దు. దగ్గులో రక్తం పడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, రాత్రిళ్ళు నిద్ర లేపేంత ఎముకల నొప్పి వారాల తరబడి ఉన్నా, తలనొప్పితో వాంతులవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, సాయంత్రపు జ్వరం వదలకపోయినా ఫోన్ చేసి వెళ్ళండి. నడుమునొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినట్టు అనిపించినా మాత్రం ఆ రోజే, ఆ గంటే వెళ్ళాలి. ఇవి తప్ప, ఒంట్లో వచ్చే ప్రతి నొప్పినీ క్యాన్సర్ చిరునామాకు పంపనవసరం లేదు. లెట్రోజోల్ వాడేవారికి కీళ్ళ నొప్పులు రావడం చాలా సాధారణం. అన్నట్టు, ఆ మాత్రను ఏ కారణంతోనూ ఆపవద్దు. అనుమానపు రిపోర్టు చూసి ‘ఇంత వాడినా ఏం లాభం’ అని మాత్ర మానేసినవారు నాకు తెలుసు.

మీ దగ్గర ఏదైనా దాస్తున్నారా అని అడిగారు. రిపోర్టు మీ చేతిలోనే ఉంది, దానిలో ఉన్నదంతా మీరు నాకు రాశారు, దానికి మించిన రహస్యం డాక్టరు దగ్గర ఉండే అవకాశం తక్కువ. ఆ పది నిమిషాలలో ఆయన బహుశా మీ ఆందోళన గురించే మాట్లాడి ఉంటారు. అయినా మిమ్మల్ని బయట కూర్చోబెట్టడం సరి కాదని నా గట్టి అభిప్రాయం. మన దగ్గర జబ్బు మనిషికి వస్తే వివరం మాత్రం ఇంటాయనకు చెబుతారు. పిల్లలకు చదువు చెప్పే మీకు మీ ఒంటి గురించిన నాలుగు వాక్యాలు విని తట్టుకునే శక్తి లేదని ఎవరు నిర్ణయించారు? వచ్చేసారి లోపలికి వెళ్ళగానే, ‘డాక్టరుగారూ, నా విషయం నాతోనే చెప్పండి, మావారు పక్కనే ఉంటారు’ అని ఒక్క మాట అనండి. వినని డాక్టరును నేను ఇంతవరకూ చూడలేదు.

మీవారి మీద కూడా కోపం పెట్టుకోకండి. నేను ఆయన చేసిన పనే చేశాను. మా అక్కకు చికిత్స పూర్తయిన ఏడాదికి కాలేయంలో ఒక మచ్చ కనిపించింది. మేమందరం కూడబలుక్కుని ‘అంతా బాగుందన్నారు’ అని ఆమెకు చెప్పాం. ఆ తర్వాత వంటగదిలో నేను ఆమె ముఖం చూడలేక పొయ్యి వైపు తిరిగి మాట్లాడేదాన్ని. ఆమె అన్నీ గ్రహించి, మాకు బాధ కలగకూడదని తెలియనట్టు నటించింది. అలా ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరం దాక్కుంటూ నాలుగు నెలలు గడిపాం. చివరకు ఆ మచ్చ పుట్టుకతో వచ్చిన రక్తనాళాల ముద్ద అని తేలింది. అది ఏదై తేలినా సరే, ఆ నాలుగు నెలలు ఆమెను ఒంటరిని చేశామన్నది మాత్రం నాకు ఈనాటికీ మిగిలిపోయింది. మా అక్కకు మంచిగా తేలింది కాబట్టి మీకూ తేలుతుందని చెప్పడానికి ఇది రాయలేదు. వేరేలా తేలినవారినీ నేను ఎరుగుదును. మీవారితో ఈ రాత్రే, టీవీ ఆపి కూర్చుని, ‘నాకూ భయంగా ఉంది, మీకూ భయంగా ఉందని నాకు తెలుసు’ అనండి. ఆయన దగ్గర ఉన్నది రహస్యం కాదు, భయమేనని మీకే తెలుస్తుంది.

అమ్మాయికి కూడా ఇదే కారణంతో చెప్పమంటాను. బెంగళూరు నుంచి రోజూ ఫోన్ చేసే పిల్లకు మీ గొంతులో తేడా ఎప్పుడో తెలిసే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టుగా మూడు వాక్యాల్లో చెప్పండి: స్కాన్‌లో ఒక చిన్న చుక్క, ఒక గ్రంథి కనిపించాయి, ఏమిటో ఇప్పుడే తెలియదు, అక్టోబరులో మళ్ళీ చూస్తారు. ‘తెలియదు’ అన్న మాటను దాటవేయకండి, దాన్ని పూరించడానికి ప్రయత్నించకండి. పెళ్ళిని ముందుకు జరపవద్దు, వెనక్కూ జరపవద్దు. అక్టోబరు స్కాన్‌కూ మార్గశిర ముహూర్తానికీ మధ్య నెలకు పైగా ఉంది. ఏం చేయవలసి వచ్చినా ఆలోచించుకోవడానికి ఆ వ్యవధి చాలు. వియ్యాలవారికి మీ పాత జబ్బు సంగతి తెలిసే ఉంటే, ఇప్పుడు కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. చీరల కోసం మీరు, అమ్మాయి కలిసి వెళ్ళండి, ఆ పని మీ ఆడపడుచుకు అప్పగించి మీరు ఇంట్లో పడుకోవద్దు.

రాత్రుల గురించి. రిపోర్టును ఫోన్‌లోంచి తీసేయండి. కాగితం ఫైల్లో ఉంటుంది, ఫైలు బీరువాలో ఉంటుంది. సాయంత్రం ఒక అరగంట కేటాయించుకుని, ఆ అరగంటలో భయాలన్నీ, డాక్టరును అడగవలసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. రాత్రి మళ్ళీ వస్తే ‘రేపు సాయంత్రం రా’ అని పంపేయడం అలవాటు చేసుకోవచ్చు. వారం పది రోజులు కుదరదు, ఆ తర్వాత చాలామందికి కుదురుతుంది. ఉదయం నడక మొదలుపెట్టండి. మీకు ఉస్మానియా క్యాంపస్ అంత దగ్గరగా ఉంది, ఆర్ట్స్ కాలేజీ ముందు ఆ చెట్ల కింద తెల్లవారుజామున నడిచేవారిలో మీ బడి సహోద్యోగులు ఒకరిద్దరైనా ఉంటారు. బడికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చోవద్దు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నంతసేపూ మనసు అక్కడే ఉంటుంది. బతుకమ్మకు ఎప్పటిలాగే తంగేడు, గునుగు తెప్పించుకోండి.

ఇంత చేసినా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు రాసే డాక్టరుకు మీరు వాడుతున్న క్యాన్సర్ మాత్ర పేరు చెప్పడం మరచిపోకండి, కొన్నిటికీ కొన్నిటికీ పడదు. మానసిక ఆసుపత్రి అక్కడే ఉండడం వల్ల మన ఊళ్ళో ‘ఎర్రగడ్డ’ అన్న మాటను పిచ్చికి తిట్టుగా వాడే అలవాటు ఎంతమందిని వైద్యం దగ్గరకు రానీయకుండా ఆపిందో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. అదే ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రిలో మీ నాన్నగారు నెలల తరబడి వైద్యం చేయించుకున్నారు కదా.

క్యాన్సరే తిరిగి వచ్చిందని తేలితే? ఆ ప్రశ్నను మీరు రాయలేదు, కానీ మీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. అప్పుడు ముందుగా ముక్క తీసి, ఇది పాత క్యాన్సరేనా, దాని హార్మోన్ గుణం మారిందా అని చూస్తారు, ఎందుకంటే అది మారే అవకాశం ఉంది, దాన్ని బట్టే మందు మారుతుంది. ఊపిరితిత్తికి చేరిన రొమ్ము క్యాన్సర్‌ను పూర్తిగా తుడిచిపెట్టడం సాధారణంగా కుదరదు. కానీ హార్మోన్లకు లొంగే రకం అయితే మాత్రలతోనే ఏళ్ళ తరబడి అదుపులో ఉంచుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న స్త్రీలు ఉన్నారు. అది చాలా కష్టమైన వార్త అవుతుంది, నేను తక్కువ చేయను. అయితే మార్గశిరంలో మీరు పెళ్ళి పీటల దగ్గర ఉండలేకపోయేంత వార్త కాదు.

అక్టోబరు స్కాన్ రోజున ఎవరు తోడు వస్తారో ఇప్పుడే అనుకోండి. ఆ మరునాడో, రెండో రోజో డాక్టరును కలిసేలా ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి, వారం రోజుల ఎడం ఉండనీయకండి. ఈమధ్య స్కాన్ సెంటరు వాళ్ళు రిపోర్టును సాయంత్రానికల్లా ఫోన్‌కు పంపిస్తున్నారు. మీ నంబరు కాకుండా మీవారి నంబరు ఇచ్చి, డాక్టరు గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నాకే తెరవాలని ఈలోగానే ఒకరికొకరు మాట ఇచ్చుకోండి.